మిల్లు గేటు ముందు ఐదు నిమిషాలు

నానక్‌రామ్‌గూడలో నేను ఊడ్చే ఆఫీసు వాళ్లు పోయిన చలికాలం మమ్మల్ని, అంటే ఊడ్చేవాళ్లనీ కాపలావాళ్లనీ, బస్సెక్కించి వరంగల్ చూపించారు. కోట, వేయి స్తంభాల గుడి. అవి నేను చూసినవే. పెళ్లయ్యాక చాలా ఏళ్లు ఆ ఊళ్లోనే బతికాను. నేను వెళ్లింది మిల్లు కోసం.

మా ఆయన అక్కడి బట్టల మిల్లులో మగ్గాల మీద పనిచేసేవాడు. ఆ మోతలో గొంతు పనికిరాదు. అందరూ శబ్దం లేకుండా పెదవులతోనే మాట్లాడుకునేవారు. ఇంట్లోనూ అదే అలవాటు. కూరలో ఉప్పు తక్కువైందన్నా పెదవులతోనే. నేను పొయ్యి దగ్గర నుంచి తలెత్తి చూడకపోతే కోపం. చూసి చూసి ఆ పెదవుల మాట నాకూ వచ్చేసింది. మిల్లు మూతపడ్డాక హైదరాబాదు వచ్చి, కడుతున్న బిల్డింగుల దగ్గర కాపలా ఉన్నాడు.

దవాఖానలో ఆయన ఆఖరి రోజు ముక్కూ నోరూ కప్పేసి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. దాని కింద పెదవులు కదిలాయి. అంతా ఆవిరి, ఏమీ కనబడలేదు. నేను మాస్కు తీయబోతే నర్సు నా చెయ్యి పట్టుకుంది. ఆ మాట ఏమిటో ఈ రోజుకూ తెలియదు. ఆయన పనిచేసిన చోట నిలబడితే తెలుస్తుందేమోనని ఒక పిచ్చి ఆశ.

కోటలో విరిగిన రాళ్లను వరసగా పేర్చి పెట్టారు. ముట్టుకోవద్దన్నారు.

"పగిలిన రాళ్లకు గూడ కాపలానా అక్కా? మనం గిట్ల పడిపోతె ఊడ్సి పారేస్తరు" అంది నాతో పనిచేసే ఆమె.

"ఊడ్సేది గూడ మనమే గదనే" అన్నాను. నవ్వింది.

తిరిగొచ్చేటప్పుడు డ్రైవర్‌ను బతిమాలాను. "తమ్మీ, మిల్లు కాడ జర ఆపవా?"

"గాడ ఏమున్నదమ్మా చూడనీకి? లిస్టుల లేదు."

"ఐదు నిమిషాలే."

"ఆపు తియ్యన్నా, అక్క పెనిమిటి పని జేసిన మిల్లట" అంది ఆమె. ఆపాడు.

దిగి చూస్తే మిల్లు లేదు. ప్లాట్లకు పాతిన రాళ్లు, ముళ్లకంప, ఒక గోడ ముక్క. రోజూ ఆయనకు సద్ది పట్టుకొచ్చి నేను నిలబడిన గేటు ఎటువైపో పోల్చుకోలేకపోయాను. ఆ గేటు నన్నెప్పుడూ దాటనివ్వలేదు, మగ్గాలు ఎక్కడుండేవో నాకేం తెలుస్తుంది? మాస్కు కింద ఆయన పెదవులు కదిలినట్టే నావీ కదిపి చూశాను. నీళ్లని, మా పిల్ల పేరని, నా పేరని. ఏదీ కుదరలేదు.

డ్రైవర్ హారన్ కొట్టాడు. ఎక్కి కూర్చున్నాను.

"ఏం జూసినవ్ అక్కా?"

చెప్పాను. గొంతు రాలేదు, పెదవులే కదిలాయి.

"ఏందీ? ఇనబడ్తలేదు, గట్టిగ చెప్పు" అంది.