ఆరుగురి సామానుతో ఓడెక్కడం

ఓడ ప్రయాణానికి ఏమేం సర్దుకోవాలని మా సంఘంలో ఎవరికి అనుమానం వచ్చినా ఇప్పుడు నా క్వార్టర్ తలుపే తడతారు. కిరందుల్ ఇనుప గనుల టౌన్‌షిప్‌లో మా తెలుగు ఆరాధనకు వచ్చేవాళ్ళలో సముద్రం మీద ఐదు రోజులు గడిపి వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నేను చెప్పేవన్నీ చిన్న చిన్న సంగతులు. అయితే వాటిలో సగం నేను తప్పు చేసి నేర్చుకున్నవని అడిగేవాళ్ళకు తెలియదు.

ఆలోచన మా పక్క క్వార్టర్ వదినది. ఆవిడ భర్త గనిలో డంపర్ నడిపేవాడు. ఆవిడ నన్ను వదినా అనేది, నేను ఆవిడను వదినా అనేదాన్ని. ఒక శుక్రవారం స్త్రీల కూడిక అయ్యాక ఫోనులో ఓడ బొమ్మ చూపించి, "ఇరవై ఏళ్ళుగా ఈ ఎర్రమట్టి చీరలు ఉతికీ ఉతికీ నా చేతులు అరిగిపోయాయి. ఒక్కసారి నీళ్ళ మీద కూర్చుందాం రండి. విశాఖలో ఎక్కితే చెన్నై దాకా వెళ్ళి మళ్ళీ విశాఖలోనే దింపుతాడంట" అంది. ఆరుగురం పేర్లిచ్చాం. అందులో నేను పనిచేసే గని ఆఫీసు ఊడ్చే అక్క కూడా ఉంది. ఆమెది భేజ్జి దగ్గర పల్లె, ఇంట్లో దోర్లీ మాట్లాడుతుంది, మాతో తెలుగు. "ఏంది అక్కా, నీళ్ళ మీద అన్నం కూడా వండుతరా? మరి బోళ్ళు కడిగిన నీళ్ళు ఏడ పోస్తరు?" అని అడిగింది.

ఓడ శనివారం బయలుదేరుతుంది. అంటే ఆదివారం సముద్రం మీదే. దానికీ వదినే దారి చెప్పింది. ఆరుగురం ఒకే గదిలో చేరి ఆరాధన చేసుకుందాం, ఆరుగురు చేరితే అది సంఘమే కదా అంది. పాస్టరమ్మగారు కూడా సరేనన్నారు. ప్రార్థన నేను నడిపించాలని అక్కడికక్కడే నిర్ణయమైపోయింది.

ఇక్కడ నేను దాచకుండా ఒక మాట చెప్పాలి. బాగా ప్రార్థన చేస్తానని మా సంఘంలో నాకు పేరు. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళ కోసం, గని లోపల రెండో షిఫ్టులో ఉన్నవాళ్ళ కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం ఎవరినీ మరిచిపోకుండా పేరుపేరునా పావుగంట సేపు ప్రార్థించగలను. బైబిలు వాక్యం చిన్నప్పుడే కంఠతా పట్టించాడు మా నాన్న. కానీ మా ఆయన పోయి ఆయన ఉద్యోగం నాకు వచ్చిన తర్వాత, పదకొండేళ్ళుగా, ఇంట్లో ఒక్కదాన్నే మోకరిస్తే రెండు నిమిషాలకు మాటలు అయిపోతున్నాయి. లేచి బియ్యం కడుక్కుంటాను. పిల్లలు లేరు. నాకున్నది నిజంగా విశ్వాసమా, లేక పదిమంది మధ్య కూర్చునే అలవాటా అన్న భయం లోపల ఉండేది. ఆదివారం తర్వాత ఆదివారం సంఘంలో కూర్చుంటే ఆ ప్రశ్న అడుగుకు పోయేది. అందుకే ఈ పదకొండేళ్ళలో జ్వరంతో ఉన్నా ఆరాధన మానలేదు. ఈ సంగతి వదినకు కూడా చెప్పలేదు.

సర్దడం మా పద్ధతి వేరు. జగదల్‌పూర్‌లో ఉజ్జీవ సభలకు వెళ్ళినప్పుడు ఎవరి సంచి వాళ్ళు నింపుకోరు. ఒకరు అందరికీ దుప్పట్లు, శాలువాలు తెస్తారు. ఒకరు సబ్బులు, పేస్టు, దువ్వెనలు. ఒకరు మందులు. టీ సామాను ఎప్పుడూ నాదే. సర్దిన పెట్టెలన్నీ ఒకచోట పెట్టి, చుట్టూ నిలబడి ప్రయాణ ప్రార్థన చేస్తాం. ప్రార్థన చేసిన పెట్టెను చేరేదాకా తెరవం. ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు, మా పెద్దవాళ్ళ నుంచి వచ్చింది. ఈసారి కూడా నెల ముందే పెట్టెలు మా ముందుగదిలో వరుసగా పెట్టి ప్రార్థించాం. నా పెట్టెలో రెండు చీరలు, ఆరు స్టీలు గ్లాసులు, ఆరు పళ్ళాలు, కరెంటు కెటిల్, టీపొడి, పంచదార, వడపోత, బట్టలారేసే తాడు, కింద పరుచుకునే జంపకానా ఉన్నాయి.

తర్వాత ఒక్కొక్కరు తప్పుకున్నారు. ఒకరి కూతురికి నెలలు నిండాయి. ఒకరి మోకాలు వాచింది. బచేలిలో ఉండే ఆవిడను భర్త వద్దన్నాడు. ఆఫీసు అక్క ఒక సోమవారం చీపురు గోడకు ఆనించి నా బల్ల దగ్గర నిలబడింది.

"నాకు రాబుద్ధే అక్కా. కానీ ఇప్పపువ్వు రాలుతాంది. అత్త ఒక్కతే ఏం ఏరతది? రెండు దినాలు ఇడిస్తే పందులు తినిపోతయ్."

"సెలవు పెట్టావుగా?"

"పెట్టిన. గా సెలవుల ఇంటికే పోత. సముద్రం ఏడికి పోతది? మల్ల ఏడాది చూస్త" అని నవ్వి చీపురు తీసుకుంది. దోర్నపాల్ సంతలో తన కోసం కొనుక్కున్న కొత్త తువ్వాలు నాకు ఇవ్వబోతే, నా పెట్టె ప్రార్థన అయిపోయిందని తీసుకోలేదు.

ఇక వదినా నేనూ మిగిలాం. వదిన భర్త రిటైరై అప్పటికి కొన్నాళ్ళైంది. ఓడకు రెండు వారాల ముందు వాళ్ళకు రాజమండ్రి దగ్గర ఇల్లు కుదిరింది, క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. లారీ ఎక్కించే రోజు పొద్దున వదిన మా ఇంటికి వచ్చింది. చేతిలో మందుల పొట్లం, పేస్టు, ఒక శాలువా.

"పెట్టె తెరువు వదినా, ఇవి పెట్టుకో. ఒక్కదానివే వెళ్తున్నావు, ఒక్కదానికి సర్దుకోవాలి."

"ప్రార్థన చేసిన పెట్టె."

"దేవుడేమన్నా నీ పెట్టెకు తాళం వేసి తాళంచెవి పట్టుకుపోయాడా? ఆరు గ్లాసులు ఎవరికి పెడతావు, చేపలకా?"

నాకు నవ్వు రాలేదు. "అక్కడ అన్నీ దొరుకుతాయిలే" అన్నాను. పెట్టె తెరిస్తే ఐదు గ్లాసులు బయటికి తీసి మళ్ళీ షెల్ఫులో పెట్టాలి. వాళ్ళెవరూ రావడం లేదని నా చేతులతో నేను ఒప్పుకున్నట్టు. అంతకుమించి భక్తి ఏమీ లేదు అందులో. వదిన నా ముఖం చూసి, మందుల పొట్లం మాత్రం అక్కడే బల్ల మీద పెట్టి వెళ్ళింది. నేను దాన్ని చేతిసంచిలోనైనా వేసుకోకుండా మర్నాడు పాస్టరమ్మగారికి ఇచ్చేశాను.

పాస్టరమ్మగారు నన్ను ఆపాలనే చూశారు. "ఆదివారం ఒంటరిగా సముద్రం మీదేమిటమ్మా, రద్దు చేసుకో" అన్నారు. ఆవిడ మంచికే చెప్పారు. కానీ వదిన ఇంటి కిటికీలు మూసి ఉండటం ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు రోజూ చూస్తున్నాను. ఇక ఈ సంఘం కూడా ఇలాగే ఒక్కో లారీతో ఖాళీ అవుతుందని అర్థమైంది. నా రిటైర్మెంటుకు నాలుగేళ్ళుంది. ఒక్కదాన్నే ఉన్నప్పుడు నాకు ప్రార్థన వస్తుందో రాదో ఇప్పుడే తెలుసుకోవాలనిపించింది. రద్దు చేయలేదు.

మా దగ్గర నుంచి ఓడెక్కేవాళ్ళకు నేను చెప్పే మొదటి మాట, రెండు రోజుల ముందే విశాఖ చేరండి. మా రైలు కొండలు దిగుతూ వెళ్తుంది. చరియలు విరిగిపడితే ఆగుతుంది, ఒక్కోసారి భద్రత కోసమని దంతెవాడ దగ్గరే నిలిపేస్తారు. ఓడ ఎవరి కోసమూ ఆగదు. నేను గురువారమే చేరి, స్టేషను దగ్గర చిన్న లాడ్జిలో ఉన్నాను. అంత ఊళ్ళో, అంత మంది తెలుగు మాట్లాడేవాళ్ళ మధ్య రెండు రోజులు గడిపినా, అన్నం చెప్పడానికి తప్ప నోరు విప్పే పని పడలేదు.

రెండో మాట, పెద్ద పెట్టె రేవులోనే తీసుకుంటారు, గదికి సాయంత్రానికి గానీ రాదు. కాబట్టి గుర్తింపు కార్డు, టికెట్టు కాగితం, రోజూ వేసుకునే మాత్రలు, ఒక జత బట్టలు చేతిసంచిలో ఉండాలి. ఇది మాత్రం నేను సరిగ్గానే చేశాను, బీపీ మాత్రలు చేతిసంచిలోనే ఉన్నాయి. వేడి చేసే కరెంటు వస్తువులు ఒప్పుకోరు. ఇస్త్రీపెట్టె, కెటిల్ ఇంట్లోనే వదిలేయండి. నా పెట్టె అందరికన్నా ఆలస్యంగా వచ్చింది. కెటిల్ తీసి, దిగేటప్పుడు ఇస్తామని చీటీ అంటించి పంపారు.

తెరిచి చూస్తే దువ్వెన లేదు. పేస్టు లేదు. శాలువా లేదు. ఓడ గదిలో చలి మాఘమాసంలో మా గనులున్న బైలాదిలా కొండ మీద ఉన్నట్టుంది. కిటికీ లేని గది తీసుకున్నాం, ఓడ నడుమ, కింది అంతస్తులో. అక్కడ ఊపు తక్కువని వదిన ఎక్కడో చదివింది, అది నిజమే. అయినా ఒడ్డు దాటిన గంటకు నా కడుపులో తిప్పడం మొదలైంది. వికారానికి మాత్ర ఓడ కదలకముందే వేసుకోవాలని నాకు తర్వాత తెలిసింది. వదిన పొట్లంలో అవే ఉన్నాయి. జంపకానా భుజాల చుట్టూ కప్పుకుని మంచం మీద కూర్చున్నాను.

గది సర్దే అమ్మాయి తువ్వాళ్ళు తెచ్చి, నేను పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టిన ఆరు గ్లాసులు చూసి నిలబడిపోయింది. ఒడిశా పిల్లట, హిందీలో అడిగింది, "ఆంటీజీ, మిగతా ఐదుగురూ ఏ గదిలో ఉన్నారు?"

"రాలేదమ్మా."

"మరి వాళ్ళ గ్లాసులు మాత్రం వచ్చాయే!" అని నవ్వబోయి, నన్ను చూసి ఆపేసింది. వెళ్ళి రిసెప్షన్ నుంచి వికారం మాత్ర, కాస్త అల్లం ముక్క, కాగితంలో చుట్టిన దువ్వెన తెచ్చి ఇచ్చింది. ఏది లేకపోయినా రిసెప్షన్‌లో అడగండి, సిగ్గుపడొద్దని నేను అందరికీ చెప్పేది అందుకే. కానీ అడగడం నాకు అప్పటిదాకా చేతకాలేదు. ఆ పిల్ల తానే గ్రహించింది.

రాత్రి భోజనాల దగ్గర నాతో ఒకే బల్లకు కూర్చోబెట్టిన కుటుంబం వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. పెరుగన్నం తిని వచ్చేశాను. ఫోనులో సిగ్నల్ పోయింది. సముద్రం మీద అది ఉండదని ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి రావాలి, లేకపోతే కంగారు పడతారు. నేను ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు.

ఆదివారం పొద్దున స్నానం చేసి తెల్లచీర కట్టుకుని పై అంతస్తుకు వెళ్ళాను. అక్కడ పాటలు పెట్టి వ్యాయామం చేయిస్తున్నారు. వెనకవైపు వెళితే పిల్లలు నీళ్ళ తొట్టెలో అరుస్తున్నారు. మా సంఘంలో ఆ వేళకు గంట కొడతారు. ఎక్కడా మోకరించే చోటు కనిపించక మళ్ళీ కిందికి దిగి, గది తలుపు వేసుకున్నాను.

అలవాటు ప్రకారమే మొదలుపెట్టాను. గనిలో పనిచేసేవాళ్ళు, జబ్బు పడినవాళ్ళు, కూతురి కాన్పు, మోకాలు, ఇప్పచెట్ల కింద ఒంగి ఏరుతున్న అక్క, కొత్త ఇంట్లో సామాను విప్పుకుంటున్న వదిన. రెండు నిమిషాల్లో అందరూ అయిపోయారు. ఎప్పటిలాగే నోరు ఆగిపోయింది.

ఇంట్లో అయితే లేచి బియ్యం కడిగేదాన్ని. ఇక్కడ కడగడానికి బియ్యం లేవు. పిలవడానికి ఎవరూ లేరు. ఓడ అడుగున యంత్రం సన్నగా మోగుతోంది, నేల అరిచేతుల కింద అదురుతోంది. నాకు రాదు, ఇన్నాళ్ళూ నాకు ఉన్నది ఇంతేనని అనుకున్నాను. అనుకోవడమే కాదు, పైకే అన్నాను. "నాకు రావడం లేదు ప్రభువా."

ఆ మాట వెనుక ఇంకోటి వచ్చింది. వదిన మీద కోపంగా ఉందన్నాను. ఆమె వెళ్ళే రోజు టీ కూడా ఇవ్వలేదన్నాను. ఆ క్వార్టర్‌కు తిరిగి వెళ్ళాలంటే భయంగా ఉందన్నాను. మా ఆయన పోయినప్పుడు అందరూ నా కోసం ప్రార్థించారు గానీ నేను ఒక్క మాటా అడగలేదని, అడిగితే కాదంటావని భయపడ్డానని చెప్పాను. అలంకారాలేమీ లేవు, వాక్యాలు సగంలో తెగిపోతున్నాయి. సంఘంలో ఇలా ప్రార్థిస్తే పాస్టరుగారు దగ్గి ఆపించేవారేమో. నాకోసం ఏమడగాలో తెలియక చివరికి, రోజూ ఒక మనిషైనా నాతో మాట్లాడేలా చూడమని అడిగాను. ఎంతసేపైందో తెలియదు. మోకాళ్ళు తిమ్మిరెక్కాయి.

ముగించి, కళ్ళు మూసుకునే ఆగాను. ప్రార్థన అయ్యాక ఆమేన్ అనేది ఎప్పుడూ వెనక కూర్చున్నవాళ్ళు. యంత్రం చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. అప్పుడు ఆ మాట నేనే అన్నాను. నా గొంతు ఆ చిన్న గదిలో నాకే కాస్త పెద్దగా వినిపించింది.

మంచం పట్టుకుని లేచి ముఖం కడుక్కుని, ఫలహారాలు తీసేసే వేళ కాకముందే పైకి వెళ్ళాను.