అరచేతిలో పెట్రోలు చుక్క

ఉదయం ఆరుంబావుకి మా లారీ కృష్ణ ఏటిగట్టు మీద ఆగింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. అమరావతికి ఎగువన ఒక పత్తి, మిర్చి ఊరు. వాన ఆగింది గానీ వరద ఆగలేదు. గట్టుకు అడుగు కిందదాకా ఎర్రనీళ్లు. మా దగ్గరున్నవి ఒక అల్యూమినియం బోటు, దాని వెనక తగిలించే నలభై హార్స్‌పవర్ ఇంజను, ఒక వైర్‌లెస్ సెట్టు, ఇరవై లైఫ్ జాకెట్లు. మనుషులం ఏడుగురం.

ఇంజను డ్యూటీ నాది. మాది పొదిలి పక్క పల్లె. బోరులో రెండించుల నీళ్లు పడితే కొబ్బరికాయ కొట్టి పండగ చేసుకునే ఊరు. సైన్యంలో చేరేదాకా నాకు ఈతే రాదు. అలాంటివాణ్ణి పట్టుకెళ్లి బోటెక్కించారు, ఏం చెప్పమంటారు! మా హవల్దార్ మలయాళీ. నన్ను పేరు పెట్టి పిలిచేవాడు కాదు. "పొదిలీ" అనేవాడు.

ఆర్డరు చిన్నది. గట్టుకీ లంకకీ మధ్య నాలుగు వందల మీటర్ల పాయ. లంక పొలాల్లో చిక్కుకున్న యాభై ముగ్గురిని ఇవతలికి తేవాలి. ట్రిప్పుకు ఆరుగురు. ఆరూ యాభైకి మొదటి ట్రిప్పు వేశాం.

మొదటి ట్రిప్పునుంచీ ఒకాయన మోకాటిలోతు నీళ్లలో నిలబడి మా కోసం చూస్తున్నాడు. పేరు కోటయ్య, యాభై దాటినవాడు. ఆయన భార్య నాగేంద్రమ్మ గేదెల పలుపులు విప్పడానికని ముందురోజు సాయంత్రం లంకకు వెళ్లి అక్కడే ఇరుక్కుపోయింది. బోటు ఒడ్డుకు తగిలిన ప్రతిసారీ వచ్చిన ముఖాలన్నీ చూసేవాడు.

"ఈసారీ ఎక్కలేదా బాబూ?"

"పిల్లలతల్లుల్ని, ముసలోళ్లని ముందు పంపిస్తోంది బాబాయ్. నాకేం తొందర అంటోంది."

"దాని మొండితనం తగలెయ్య!" అనేవాడు. కళ్లు మాత్రం లంకమీదే ఉండేవి.

పన్నెండున్నరకు ఏడు ట్రిప్పులయ్యాయి. నలభై ఇద్దరు వచ్చారు. ఇంకా పదకొండు మంది ఉన్నారు. ఊరివాళ్లు గట్టు మీదికి అన్నం, గోంగూర పచ్చడి తెచ్చారు. పచ్చడి ముద్ద నోట్లో పెట్టుకుని మా హవల్దార్ కళ్లనీళ్లు కార్చాడు. ఆ కళ్లనీళ్లతోనే, వచ్చీరాని తెలుగులో నాతో అన్నాడు: "పెట్రోలు లారీ గండి దగ్గర ఆగిపోయిందట. ట్యాంకులో రెండు ట్రిప్పులకు బొటాబొటిగా ఉంది. జాగ్రత్త." పక్కనే మంచినీళ్లు పోస్తున్న కోటయ్య ఆ మాట విన్నాడు. వింటే ఏమవుతుందని నేను అనుకోలేదు.

ఒంటిగంటా పదికి వైర్‌లెస్ ఆపరేటర్ లేచి నిలబడ్డాడు. "పైన ఇంకా గేట్లెత్తారు. నాలుగింటికల్లా లంక మునుగుతుంది."

చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తి ఇంజను తాడు లాగాను. దగ్గింది. మళ్లీ లాగాను. దగ్గు కూడా లేదు.

ఇంజను మొరాయిస్తే ఒక వరస ఉంటుంది. భయం వేసినా ఆ వరస తప్పకూడదు. ఆపే స్విచ్చు క్లిప్పు చూశాను, సరిగ్గానే ఉంది. ట్యాంకు మూత మీద గాలి మర తెరిచే ఉంది. పెట్రోలు పైపు మధ్యలో రబ్బరు బుడ్డి ఉంటుంది, దాన్ని నొక్కాను, గట్టిపడింది. అంటే పెట్రోలు వస్తోంది. ప్లగ్గులు ఊడదీసి ఇంజను ఒంటికి ఆనించి తాడు లాగితే నీలం నిప్పు టకటకా కొట్టింది. నిప్పుంది, నూనె ఉంది, ఇంజను లేదు. ఇరవైసార్లు లాగాక అరచెయ్యి బొబ్బలెక్కింది. లంకలో మిగిలినవాళ్ల చుట్టాలంతా గట్టుమీద నిలబడి నన్నే చూస్తున్నారు. చెప్పుకోవడానికి సిగ్గు లేదు, ఏడుపొచ్చింది.

అప్పుడు ప్లగ్గు గుడ్డతో తుడవబోతే చెయ్యి తడైంది. ఆరలేదు. మా ఇంజనుకు పెట్రోల్లో కాస్త ఆయిలు కలిపి పోస్తాం. అది అరచేతిలో పడితే క్షణంలో చెయ్యి చల్లబడి ఎగిరిపోతుంది, జిడ్డు మాత్రం మిగులుతుంది. ఇది కదలకుండా కూచుంది. వాసన చూశాను. మా అమ్మ స్టవ్ వాసన.

తలెత్తేసరికి కోటయ్య నా ముందున్నాడు.

"నేనే పోశా బాబూ. ఐదు లీటర్లు. మీరు అన్నం తినేటప్పుడు."

చొక్కా పట్టుకున్నాను. అబద్ధమెందుకు, కొట్టడానికి చెయ్యి కూడా లేపాను. "బుద్ధి గడ్డి తిందా నీకు?"

"మా పంపుసెట్టు అట్టాగే తిరుగుద్ది బాబూ. పెట్రోలుతో ఎత్తుకుని, వేడెక్కినాక కిరసనాయిలు మీదికి తిప్పుతాం గదా. పెట్రోలు చాలదన్నారు. అదొక్కతే మిగిలిపోద్దేమోనని..."

లేపిన చెయ్యి దించేశాను. మా పొలంలో ఇంజను వేడెక్కగానే "తిప్పరా!" అని మా నాన్న కేకేస్తే, కిరసనాయిలు వైపు మర తిప్పింది నేనే కదా. అదే పనిని ఈయన నీళ్లమీద చేశాడు. ఇంజను వేడిగా ఉంటే నడిచేదేమో. ముప్పావుగంట చల్లారింది, ఇంక ఎత్తుకోదు.

"ఏమైంది పొదిలీ?" హవల్దార్ వచ్చాడు.

గట్టుమీద జనాన్ని చూశాను. నిజం చెబితే కోటయ్యను ఏట్లో తొక్కేస్తారు.

"ట్యాంకులో నీళ్లు పడ్డాయి సాబ్. మూత నేనే సరిగ్గా బిగించలేదు."

హవల్దార్ నా కళ్లలోకి చూశాడు. "ఇప్పుడేం చేస్తావ్?"

అప్పుడు తట్టింది. చుట్టూ ఉన్నది పత్తి, మిర్చి ఊరు. మందు కొట్టే పెట్రోలు స్ప్రేయరు ప్రతి రెండో ఇంట్లో ఉంటుంది. దాని బుల్లి ట్యాంకులో పోసేదీ ఆయిలు కలిపిన పెట్రోలే! గట్టెక్కి అరిచాను: "ఒరేయ్, స్ప్రేయర్లున్నోళ్లందరూ తీసుకురండ్రా! చుక్క కూడా వదలొద్దు!"

ఊరు ఊరంతా పరుగెత్తింది. స్ప్రేయర్లు భుజాలకేసుకుని మగవాళ్లు, సీసాలతో ఆడవాళ్లు. ఒక్కోదాంట్లో గ్లాసుడో, అరలీటరో. కోటయ్యను క్యాను పక్కన నిలబెట్టి, మళ్లీ కిరసనాయిలు కలవకుండా చుక్క ఎలా చూడాలో నేర్పాను. ప్రతి సీసాలోంచి ఒక చుక్క అరచేతిలో వేసుకుని, ఊపిరి బిగబట్టి చూసి, చెయ్యి పైకెత్తేవాడు.

"ఎగిరిపోయింది, పొయ్యండి!"

ఒకడు విసుక్కున్నాడు: "ఏం మావా, పెళ్లి చూపులా? ఎంతసేపు చూస్తావ్?"

"నోర్మూసుకుని నీ సీసా ఇవ్వరా" అన్నాడు కోటయ్య.

ఈలోగా నేను ట్యాంకు, పైపు, కార్బొరేటరు కడిగి, ప్లగ్గులు టీ కాచే పొయ్యి సెగకు పెట్టాను. ఇంటి దగ్గర మా నాన్న చేసే పనే. రెండూ యాభై ఐదుకు ఏడు లీటర్లు పోగైంది. తాడు లాగాను. ఆరోసారి నల్లగా పొగ కక్కి ఇంజను అందుకుంది. గట్టుమీద ఆడవాళ్ల కేకలకు ఇంజను చప్పుడు కూడా వినిపించలేదు.

మొదటి ట్రిప్పులో ఆరుగురు. రెండోదానికి వెళ్లేసరికి లంకలో వాళ్లు తలదాచుకున్న పాక అరుగు మీదికి నీళ్లెక్కాయి. నాగేంద్రమ్మ చివరగా ఎక్కింది, నడుందాకా తడిసి. మూడూ నలభైకి ఒడ్డుకు చేర్చాను. కోటయ్య ఆమె చెయ్యి పట్టుకుని దించాడు. ఆవిడ తడి కొంగు పిండుకుంటూ మా వంక చూసింది.

"పాపం, వీళ్లకి టీ అన్నా పోద్దాం. ఇంటికెళ్లి స్టవ్ వెలిగించు."

"కిరసనాయిలు లేదే."

"ఐదు లీటర్లు దాచాను గదయ్యా, ఏమైంది?"

కోటయ్య నా వంక చూశాడు. నేను ఇంజనులో తల దూర్చాను.

మూడోరోజు పొద్దున ఎనిమిదింటికి వెనక్కి బయల్దేరాం. లారీలో హవల్దార్ నా పక్కన కూచుని, "ఏం పొదిలీ, మీ ఆంధ్రాలో నీళ్లు స్టవ్ వాసన కొడతాయా?" అన్నాడు. నవ్వాడు. అయినా మూత బిగించనందుకు శిక్షగా పది రోజుల ఎక్స్‌ట్రా డ్యూటీ మాత్రం రాసే పెట్టాడు. ఆర్డరు ఆర్డరే.

ఉద్యోగం అయిపోయింది. ఇప్పుడు నాకూ రెండెకరాల మిర్చి, ఒక స్ప్రేయరూ ఉన్నాయి. నింపేముందు ఒక చుక్క అరచేతిలో వేసుకుంటాను. "ఏంటి నాన్నా ఈ చాదస్తం?" అంటుంది మా అమ్మాయి. ఆ చుక్క ఎగిరిపోయేలోగా ప్రతిసారీ ఆ గట్టే కనిపిస్తుంది. లారీ కదిలేటప్పుడు అందరూ చేతులూపారు. కోటయ్య ఊపలేదు. నాగేంద్రమ్మ పక్కన నిలబడి, తెరిచిన అరచెయ్యి నాకు చూపిస్తూ, లారీ మలుపు తిరిగేదాకా అలాగే ఎత్తి ఉంచాడు.