కృష్ణగిరి వైపు మనిషి

మా కృష్ణగిరి అన్న పోయారని కిందటి నెలలో ఒకరోజు పొద్దున్నే మేనేజరు ఫోన్ చేసి చెప్పారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. "సరే సార్" అని పెట్టేశాను. ఏం సరేనో నాకే తెలియదు.

మాది ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే చిన్న కంపెనీ. హోసూరు ఆఫీసులో నేను, కృష్ణగిరి ఆఫీసులో ఆయన. రెండుచోట్లా లినక్స్ మీద నడిచే కంప్యూటర్లే రౌటర్లు. ఏ ఊరికి ఏ దారిన పోవాలో అవి ఒకదానికొకటి చెప్పుకుంటూ ఉంటాయి. ఆ మాటలు ఆగితే నెట్ ఆగుతుంది, మాకు తిట్లు మొదలవుతాయి. చేరిన కొత్తలో నేను వెంటనే రీస్టార్ట్ కొట్టబోయేదాన్ని.

"ఉండమ్మా, దాన్ని ముట్టొద్దు. ఈడ నాకేం కనిపిస్తా ఉందో చెప్తా. ఆడ నీకేం కనిపిస్తా ఉందో చెప్పు" అనేవారు అన్న.

స్క్రీన్ మీది వరుసలు ఫోన్లో ఆయనొకటి చదివితే నేనొకటి చదవాలి. తేడా దొరక్కపోతే మళ్లీ మొదటినుంచీ. నాకు ఒళ్లు మండేది. ఆయన మాత్రం తాపీగా టీ చప్పరిస్తూ చదివేవారు. "ఒక పక్కే చూసి తప్పు యాడుందో చెప్పకూడదమ్మా" అనేవారు. ఇన్నేళ్లలో ఆయన్ని ఎదురుగా చూసింది తక్కువ. నాకు తెలిసిందల్లా ఆ గొంతే.

గురుబరపల్లిలో వాళ్లింటికి వెళ్లాను. "ఎవురమ్మా నువ్వు?" అని అడిగారు వాళ్లావిడ.

"హోసూరు నుంచి వచ్చినాను వదినా."

గొంతు వినగానే నా చెయ్యి పట్టుకున్నారు. "నువ్వేనా! అన్నం తినేటప్పుడు కూడా ఫోన్ స్పీకర్లో పెట్టుకొని నీతోనే కదమ్మా చదువుతా ఉండినారు." అప్పటిదాకా రాని ఏడుపు అక్కడ వచ్చింది.

తిరిగొచ్చాక ఆయన చోట్లో ఎవరినైనా వేయమని మేనేజరును అడిగాను. చూద్దామన్నారు. నా పని తేలిక కావడానికి కాదు, అటువైపు ఒక మనిషి గొంతు ఉండాలని అడిగాను.

నిన్న మధ్యాహ్నం మా రెండు ఆఫీసుల మధ్య లింకే ఆగిపోయింది. మొబైల్ డేటా మీదుగా కృష్ణగిరి రౌటర్‌లోకి నేనే వెళ్లాను. స్క్రీన్ మీద ఎడమ పక్క హోసూరు, కుడి పక్క కృష్ణగిరి. రెండూ ఒకదాన్నొకటి గుర్తుపడుతున్నాయి గానీ, దారుల వివరాలు ఇచ్చిపుచ్చుకునే దగ్గర ఆగిపోతున్నాయి. ఎడమది చదివాను, కుడిది చదివాను, రెండూ పైకే. పక్క సీటు అమ్మాయి వింతగా చూసింది. ప్యాకెట్ ఎంత పెద్దది పంపవచ్చన్న లెక్క అటొకటి, ఇటొకటి ఉంది. సరిచేశాను. దారులన్నీ తిరిగొచ్చాయి. మేమిద్దరం కలిసి చేసినప్పటికన్నా చాలా తొందరగా అయిపోయింది.

మేనేజరు వెనకనుంచి చూస్తూ ఉన్నారు. "ఒక్కదానివే ఎంత బాగా చేసినావమ్మా! ఇంక కృష్ణగిరిలో ఇంకొకరెందుకు?" అని మెచ్చుకుని వెళ్లిపోయారు.

రెండు రౌటర్లూ మళ్లీ దారులు చెప్పుకుంటున్నాయి. రెండింటిలోనూ లాగిన్ అయి ఉన్నది నేనొక్కదాన్నే.