గోటి మీద నీలం

సౌదీల ఖోబర్ నుంచి రియాద్ పోయే బస్సుల నా పక్కన జగిత్యాల పెద్దమనిషి ఒకాయన కూసున్నడు. బొమ్మలు గీసే జపాన్ అమ్మ దగ్గర డ్రైవర్‌గ చేసిండట. ఒళ్ళో చెక్కపెట్టె ఉన్నది.

"రాళ్ళు నూరి చేసిన రంగులు తమ్మీ. ఆమె తాత కాలం నాటియట. వాళ్ళ దేశం పోతూ నాకిచ్చింది" అని మూత తీసిండు. చిన్న చిన్న సీసాలల్ల నీలం, ముదురు నుంచి లేత దాక. అన్నీ ఒక్కటే రాయట, మెత్తగ నూరినకొద్దీ తెల్లబడతదట.

నేను నిర్మల్‌ల కొయ్యబొమ్మలకు రంగులేసే ఇంట్ల పుట్టినోణ్ణి. ఇక్కడ గోడలకు రోలర్ తిప్పుతున్న. గీత గియ్యరాని డ్రైవర్‌కు ఆ పెట్టె దొరికిందని కడుపు మండింది.

"వీటితోని ఏం చేస్తరు?" అన్న.

"మా అల్లునికి తీస్కపోతున్న. నిర్మల్‌ల బొమ్మలకు రంగులేస్తడు. తోటోళ్ళంత గల్ఫ్‌కు వచ్చిన్రు, ఆయనొక్కడే కుంచె ఇడువలే."

నా మంట డ్రైవర్‌ను వదిలి, మొఖం గూడ తెల్వని ఆ అల్లుని మీద పడ్డది. మాదీ నిర్మలే అని చెప్పబుద్ధి కాలే.

రంగును మేం బొటనవేలి గోటి మీద పెట్టి చూస్తం. ఆ అలవాటుకు నా వేలు దానంతటదే ముందుకు పోయింది. పెద్దాయన తడివేలితో ఇంత నీలం తీసి గోటికి రాసి నవ్విండు.

"మా అల్లుడు గూడ గిట్లనే గోరు సాపుతడు."

బంక కలపని రంగు నిలువదని నాకు తెలుసు. అయినా బస్సు దిగేదాక ఆ వేలును దేనికీ తగలనియ్యలే.