ఎదురింటి ఆంటీ బీరు

ఎదురింటి ఆంటీ పోయారు. అమెరికాలో, డెట్రాయిట్ పక్కన నోవైలో మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో నా తలుపుకి ఎదురు తలుపు ఆవిడది. ఆస్పత్రిలో గుండె ఆగిపోయిందని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. దాని కింద వరసగా దండాల బొమ్మలు. భక్తిపరురాలనీ, చేతివంట అమృతమనీ ఎవరో రాశారు. చదివి నాకు ఒళ్లు మండింది. ఆవిడకి వంటంటే విసుగు. రోజూ పెరుగన్నం, ఊరగాయ, మరీ ఓపికుంటే ఆమ్లెట్. ఆవిడ గొప్పగా చేసింది బీరు. ఆ ముక్క రాయడానికి గ్రూపులో ఒక్కరికీ చెయ్యి రాలేదు.

నాకు ఇంట్లో బీరు కాచే పిచ్చి రెండేళ్ల కిందట పట్టింది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెట్టి, ఆ తియ్యటి నీళ్లని హాప్స్ అనే చేదు పూలతో గంటసేపు మరిగించాలి. అక్కడిదాకా ఎవరైనా చేస్తారు. తర్వాత వాటిని గబగబా చల్లార్చి ఈస్ట్ వెయ్యాలి. పాలు గోరువెచ్చబడ్డాకే తోడు వేస్తాం కదా, అలాగన్నమాట. సొంత ఇళ్లున్నవాళ్లు రాగి గొట్టాల చుట్టని పంపుకి తగిలించి క్షణాల్లో చల్లారుస్తారు. నా వంటింటి పంపుకి ఆ చుట్ట పట్టదు. అందుకని ఒకరోజు నేను నా తెలివికొద్దీ కాఫీ తిరగబోసినట్టు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి ఎత్తి పోస్తున్నాను.

కారిడార్‌లోకి వాసన వెళ్లడంతో ఆంటీ వచ్చి నా తలుపు కొట్టారు. తిట్టడానికే వచ్చారనుకున్నాను. ఆవిడ నేరుగా పొయ్యి దగ్గరికొచ్చి నా చేతిలో గిన్నె లాక్కున్నారు.

"కాఫీ అయితే ఇప్పుడే తాగేస్తావు. దీన్ని రెండు వారాలు ఉంచాలిగా. గాల్లో ఉన్న క్రిములన్నిటినీ ఇందులోకి పిలుస్తున్నావేంటి బాబూ?"

ఆవిడ ముప్పై ఏళ్లు ఇక్కడి ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేశారని అప్పుడే తెలిసింది. రోగుల రక్తంలో, చీములో ఏ బ్యాక్టీరియా ఉందో పెంచి చూసి చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఆ ముప్పై ఏళ్లలో ఎంతమందికి సరైన మందు పడిందో, ఎంతమంది బతికి ఇంటికెళ్లారో. దాని గురించి మావాళ్లెవరూ ఆవిడని ఒక్క మాటా అడగలేదు. ఆవకాయ పాళ్లు మాత్రం అడిగేవారు.

ఆ తర్వాత నేను కాచిన ప్రతిసారీ ఆంటీ వచ్చేవారు. మోచేతులదాకా చేతులు రుద్ది కడుక్కుని, తలకి గుడ్డ కట్టుకునేవారు. మూత పెట్టిన గిన్నెని ఇద్దరం చెరో పక్క పట్టుకుని చన్నీళ్లు పట్టిన బాత్‌టబ్‌లో దింపేవాళ్లం. ఐస్ ముందే పోస్తే ఊరుకునేవారు కాదు. మొదటి వేడిని ఉత్త పంపునీళ్లే లాగేస్తాయనేవారు. ఆ నీళ్లు వెచ్చబడ్డాక వదిలేసి మళ్లీ నింపి, అప్పుడు ఐస్. చలికాలం ఐస్ ఎందుకు దండగ అని బాల్కనీలో పడ్డ మంచునే బకెట్‌తో ఎత్తి తెచ్చేవారు. నేను మూత తీసి చూడబోతే చేతిమీద ఒక్కటేసేవారు.

"మరుగుతున్నంతసేపూ దాని జోలికి ఎవడూ రాడు. చల్లారేటప్పుడే కాపలా కాయాలి," అనేవారు.

బీరు తయారయ్యాక స్టీలు గ్లాసులో పోసుకుని, వేయించిన పల్లీలతో, కిటికీ దగ్గర కూర్చుని తాగేవారు. ఒక్క గ్లాసే. చాటుగా తాగే అలవాటు ఆవిడకి లేదు. అడిగినవాళ్లకి సీసాలు ఇచ్చేవారు కూడా.

అందుకే క్లబ్‌హౌస్‌లో సంతాప సభ పెట్టిన పెద్దమనిషి మీద నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు. ఇంటికో వంటకం తెచ్చుకునే ప్రతి పొట్లక్ విందుకీ ఆంటీని అడిగి సీసాలు పట్టుకెళ్లిన మనిషి ఆయన. తన ఇంటి బేస్‌మెంట్‌లో బార్ కట్టించుకుని వచ్చినవాళ్లందరికీ తిప్పి చూపిస్తాడు. ఆయన నన్ను పక్కకి పిలిచి, "ఆ బీరు సంగతి ఎత్తకు నాన్నా. ఆడమనిషి, బాగుండదు. ఆవిడ కూతురు కూడా వింటోంది," అన్నాడు. నీ బార్‌కి లేని సిగ్గు ఆవిడ గ్లాసుకెందుకయ్యా అని అడగాల్సింది. అడగలేదు. నాకంటే ముందు మాట్లాడినవాళ్లంతా ఆవిడని అన్నపూర్ణని చేసేశారు. మైకు నా చేతికొచ్చింది.

"ఆంటీ పులిహోర బాగా చేసేవారు. నాకు చాలాసార్లు పెట్టారు," అన్నాను.

అందరూ తలూపారు. నేనూ వచ్చి కూర్చున్నాను. ఆ పెద్దమనిషిని తిట్టే హక్కు నాకు అక్కడే పోయింది.

తర్వాతి శనివారం ఆవిడ కూతురు ఫ్లాట్ ఖాళీ చెయ్యడానికి వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన అమ్మాయి. నేను బీరు కాచి, గిన్నె అప్పుడే టబ్‌లో దింపాను. ఆ అమ్మాయి నా తలుపు కొట్టి, గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"మీకు అమ్మ పులిహోర చేసిందా? నాకు ఎప్పుడూ చెయ్యలేదు. చిన్నప్పుడు చాలా అడిగాను. టైమ్ లేదు అనేది, ఆల్వేస్."

ఏడవకుండా అడిగింది. మా వాళ్ల పరువు కోసం నేనన్న ఒక్క అబద్ధం ఆ పిల్లకి ఎక్కడ తగిలిందో అప్పుడు తెలిసింది. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు.

"అబద్ధం చెప్పానండీ. మీ అమ్మగారు నాకు పులిహోర పెట్టలేదు. బీరు చెయ్యడం నేర్పారు," అన్నాను.

నమ్మలేనట్టు చూసింది. బాత్‌రూమ్ తలుపు తీసి చూపించాను. ల్యాబ్ గురించి, బకెట్లతో తెచ్చిన మంచు గురించి, కిటికీ దగ్గర గ్లాసు గురించి, సభలో నన్నేమని ఆపారో దాని గురించి మొత్తం చెప్పాను. ఆ అమ్మాయి మధ్యలో ఒకసారి నవ్వింది. తర్వాత టబ్ అంచు మీద కూర్చుని, స్వెటర్ చేతులు పైకి మడిచి, గిన్నె చుట్టూ నీళ్లని చేత్తో మెల్లగా తిప్పింది.

"వాటర్ వేడి అవుతోంది," అంది.

అవుతుందన్నాను. చల్లారడానికి ఇంకా ఎంతసేపు పడుతుందని అడిగింది. నలభై నిమిషాలన్నాను. ఫ్లాట్ తాళాలు పక్కన సబ్బు దగ్గర పెట్టి, రెండో చెయ్యి కూడా నీళ్లలో పెట్టింది.