నీళ్ళకు చెడని కెమెరా

ఒక ఊరికి రావలసిన బోటును, ఒక మనిషికి రావలసిన పనిని, చేతిలో ఉన్న కొత్త కెమెరాను ఒకే పొద్దున ముంచిన మహానుభావుడు మీకు ఎక్కడైనా తగిలాడా? తగలకపోతే ఇప్పుడు తగిలాడు, కూర్చోండి. ఈ కథ చెప్పీ చెప్పీ నాకు నోరు నొప్పి పుట్టింది. మా ఊళ్ళో పెండ్లికి పోయినా "ఆ కెమెరా సంగతి చెప్పప్పా" అంటారు. చావుకు పోయినా అంటారు. మొన్న ఒకచోట ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు ఆపి మరీ అడిగారు. ఇక ఓపిక లేక కాగితం మీద పెడుతున్నాను.

మా ఊరు శింగనమల దాటి కొంచెం లోపలికి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు అన్నారు గానీ, వాళ్ళు మా వైపు వచ్చి ఉండరు. ఇక్కడ తొక్కడానికి అడుసూ ఉండదు, కడగడానికి నీళ్ళూ ఉండవు. నాకు మాత్రం ఒక చల్లని చోటు ఉండేది, శాఖా గ్రంథాలయం. పదో తరగతి తప్పినవాణ్ణే, కానీ అక్కడ చెదలు తినగా మిగిలినవన్నీ నేను తిన్నాను. జలాంతర్గాముల నుంచి జలగల దాకా ఏది అడిగినా చెప్పేవాణ్ణి. అడగకపోయినా చెప్పేవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటిన ఐదారేళ్ళకు, ఒక ఏడు వానలు దారి తప్పి మా మీద పడ్డాయి. చెరువు నిండి, మిగిలిన నీళ్ళు మరువ, అదే అలుగు, మీద నుంచి దూకాయి. ఆ చోద్యం చూడడానికి పక్క ఊళ్ళ జనం బస్సులెక్కి వచ్చారు. అదే సమయానికి జిల్లా ఆఫీసు నుంచి కబురు. నీళ్ళ ఆటలకు పనికొచ్చే చెరువును ఒకదాన్ని ఎంచి అక్కడ బోటు పెడతారట. నడపడానికి ఆ ఊరి మనిషినే పెట్టుకుంటారట. పది రోజుల్లో ఫోటోలతో అర్జీ ఇవ్వాలట.

ఆ మాట విన్న రోజే ఓబులేసు మామ మా ఇంటికి వచ్చాడు. పుట్టి, అంటే బుట్టలాంటి గుండ్రటి పడవ, తిప్పడంలో మా తట్టు ఆయనకు సాటి లేదు. నీళ్ళున్న ఏడు చేపలు పడతాడు. నీళ్ళు లేని ఏడు, అంటే ఇంచుమించు ప్రతి ఏడూ, బెంగళూరు పోయి ఇటుకలు మోస్తాడు.

"అల్లుడా, ఈ బోటు వచ్చిందంటే నేనింక బెంగళూరు ముఖం చూడను. పుట్టి పందెం పెడతాం. ఫోటోలు బాగా రావల్ల. చదివినోడివి, నువ్వే చూసుకో."

పక్కనే ఉన్న స్టూడియో నాగరాజన్న, "నేను గట్టు మీద నిలబడి తీస్తా గదప్పా" అన్నాడు.

నేను జాలిగా నవ్వాను. "నీళ్ళ ఆటను నీళ్ళలో నుంచే తీయాలన్నా. నీ రీలు కెమెరా తడిస్తే సద్దరొట్టె లెక్క ఉబ్బుతుంది. దీనికి వాటర్‌ప్రూఫ్ డిజిటల్ కావాలి."

"అట్లాంటివి యాడుంటాయి?"

"పుస్తకాల్లో ఉన్నాయి" అన్నాను గంభీరంగా.

ఊరోళ్ళు చందా వేసుకుని నన్ను బెంగళూరు పంపారు. అంగడాయనది హిందూపురం వైపు, తెలుగు బాగానే మాట్లాడాడు. అర్ధగంట సేపు ఆయనకు కెమెరాల గురించి పాఠం చెప్పాను. ఎన్ని మీటర్ల లోతు తట్టుకుంటుంది, ఎండలో తెర కనిపిస్తుందా, చేయి జారితే తేలుతుందా. ఆయన ఆవులింత చేతిలో దాచుకుని, "ఇంతకూ యా సముద్రంలో దిగుతారు సార్?" అన్నాడు.

"అనంతపురం జిల్లాలో."

ఆవులింత ఆగిపోయింది. లోపలున్న వాళ్ళను కూడా పిలిచి నన్ను చూపించాడు. తర్వాత మంచి మనసుతో, "మామూలు కెమెరా తీసుకోండి సార్, ఒడ్డున నిలబడి తీసుకోవచ్చు" అన్నాడు. మంచి సలహా వినే చెవి ఆ వయసులో నాకు మొలవలేదు. మూడు మీటర్ల లోతు తట్టుకునేదే తెచ్చాను.

దాని పుస్తకం బస్సులో రెండుసార్లు చదివాను. అందులో నల్లటి అక్షరాల్లో ఒక హెచ్చరిక. బ్యాటరీ మూత చుట్టూ రబ్బరు అంచు ఉంటుంది. దాని మీద ఒక్క ఇసుక రేణువు, ఒక్క వెంట్రుక ఉన్నా నీళ్ళు లోపలికి పోతాయి. ఈ ముక్క నాకు ఎంత నచ్చిందంటే, ఊరంతటికీ చెప్పకపోతే నిద్ర పట్టదనిపించింది.

పందెం పొద్దున చెరువు కట్ట మీద జాతర. గాలి రివ్వున దుమ్ము లేపుతోంది. నేను కెమెరాను పైకెత్తి, మూత తెరిచాను.

"చూడండప్పా! ఈ రబ్బరే దీని ప్రాణం. దీని మీద దుమ్ము పడకూడదు, వేలు తగలకూడదు."

"ఏదీ, ఏదీ?" అంటూ ఒక్కొక్కరే వేలు పెట్టి చూశారు. బొరుగులు తింటున్న వేళ్ళు, బీడీ తాగుతున్న వేళ్ళు. ఒకాయన బాగా ఆలోచించి, "మెత్తగుండాది" అని తీర్పు చెప్పాడు. ఇంతలో ఓబులేసు మామ భార్య లక్ష్మక్క అత్త పళ్ళెంతో వచ్చింది.

"కొత్త సామాను బొట్టు లేకుండా గంగమ్మలోకి పోగూడదు నాయనా" అని, తెరిచిన మూత లోపలే పసుపూ కుంకుమా దిట్టంగా పెట్టింది.

చదువరిని గదా, అడ్డుపడాలి. కానీ ఆమె అంత భక్తిగా పెడుతుంటే నేనూ కళ్ళకు అద్దుకుని, మూత టక్కున మూసేశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు మతితో ఆగలేదు.

ఓబులేసు మామ నన్ను ఒక పుట్టిలో ఎక్కించి, చెరువు నడుమకు తెచ్చి వదిలాడు. తాను ఇంకో పుట్టిలో పందేనికి వరుసలో నిలబడ్డాడు. కట్ట మీద జనం. నాలో పాండిత్యం పొంగింది. "ముందు దీని మహిమ చూడండి!" అని అరిచి, కెమెరాను మోచేతి దాకా నీళ్ళలో ముంచి, పది అంకెలు లెక్కపెట్టాను.

పైకి తీసేసరికి అద్దం లోపల చిన్న చెరువు. దాంట్లో కుంకుమ ఎర్రగా తిరుగుతోంది. తెర మీద నాలుగు గీతలు ఆడి, చీకటైంది. పందెం మొదలైంది.

"తీయి అల్లుడా, తీయి!" అంటూ ఓబులేసు మామ నా ముందు నుంచే గిర్రున దూసుకుపోయాడు. ఆయన జన్మలో అంత బాగా ఎప్పుడూ తిప్పలేదట. నేను కెమెరాను నూనె బుడ్డి విదిలించినట్టు విదిలిస్తున్నాను. విదిలింపుకు పుట్టి ఒరిగింది. నేను నీళ్ళలో.

"సస్తాండా! మునిగిపోతాండా!" అని కేకలు పెట్టాను.

"నిలబడప్పా!" అని కట్ట మీద నుంచి వంద గొంతులు.

నిలబడ్డాను. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. కరువులో చెరువు ఎండినప్పుడు ఊరోళ్ళు నడుమలో బావి తవ్వి, మట్టి దిబ్బగా పోశారు. నేను ఆ దిబ్బ మీద పడ్డాను. రెండడుగులు పక్కకు పడి ఉంటే రెండు నిలువుల లోతు.

ఆ క్షణంలో గట్టు మీద నాగరాజన్న తన రీలు కెమెరా నొక్కాడు. ఎవరిదో పుట్టువెంట్రుకల ఫోటోలు తీయగా అందులో మిగిలింది ఒకటే. "ఇంత మంచి సీను మళ్ళీ దొరకదని తీసినా" అన్నాడు తర్వాత, సిగ్గు లేకుండా.

గడువు మరుసటి రోజే. ఉన్న ఫోటో అదొక్కటే. వెనకాల ఓబులేసు మామ పుట్టి తిప్పుతూ చక్కగానే పడ్డాడు గదా అని అర్జీకి అదే అంటించి, ఇద్దరం జిల్లా ఆఫీసుకు పోయాము.

అక్కడి సారు ఫోటోను వెలుతురుకు పెట్టి చూశాడు. "ఈయన నిలబడింది ఎక్కడ?"

"చెరువు నడుమ సార్" అన్నాను గొప్పగా.

"నడుమలోనే మోకాళ్ళ లోతా? మరి బోటు ఎక్కడ తిరుగుతుందయ్యా?"

నేను బావి గురించి, దిబ్బ గురించి, నీటి మట్టాల గురించి చదివినదంతా చెప్పాను. సారు ఓపికగా విన్నాడు. విని, అర్జీ పక్కన పెట్టాడు. బోటు వేరే ఊరికి పోయింది.

బస్టాండులో ఓబులేసు మామ రెండు టీలు చెప్పాడు. టీ తాగి గ్లాసు కింద పెట్టి నెమ్మదిగా అన్నాడు.

"ఏమీ లేదు అల్లుడా. మునగాల్సిన నువ్వు తేలితివి, తేలాల్సిన కెమెరా మునిగె. అదే తిరగబడి ఉంటే, చెరువు లోతని సారు నమ్మింటాడు, నాకు బోటు వచ్చింటాది."

ఆయన నన్ను తిట్టడానికి అనలేదు. లెక్క సరిచూసి చెప్పాడంతే. వారం తిరక్కుండా బెంగళూరు బస్సెక్కాడు.

కాబట్టి చదువరులారా, గంగమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నీళ్ళలో ఉండగా ఎవరైనా ఫోటో తీస్తే, లోతు ఎంతున్నా సరే, నేను నిలబడను. నీళ్ళు గొంతు దాకా వచ్చేట్టు కూర్చుంటాను.