ఉల్లిని ఐదుతో భాగించినాయన

ఆకు కోసే ముందు బ్లేడును వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూసేవాడు. కొత్త బ్లేడైనా అంతే. మొక్కల ల్యాబులో అందరూ ఆయన్ను బ్లేడు బాబాయి అనేవారు.

అంతకుముందు పద్దెనిమిదేళ్లు జంతువుల ల్యాబులో, కణంలో డీఎన్ఏ ఎంతుందో యంత్రంతో కొలిచాడు. ఆవు, కుక్క, పంది, మనిషి, కాస్త అటూ ఇటూగా అందరిదీ ఒకటే. ఆ ల్యాబు మూసేశాక ఇక్కడికొచ్చాడు. ఆరు నెలల పని చూసి పర్మనెంటు చేస్తామన్నారు.

వరి మనిషిలో ఎనిమిదో వంతు చూపిస్తే ఆయనేమీ అనుకోలేదు. గడ్డిజాతి కదా అని సరిపెట్టుకున్నాడు. ఆరో నెల చివర ఉల్లి వచ్చింది. యంత్రం మనిషికి ఐదు రెట్లు చూపించింది. అంకె చూశాక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. లేచి యంత్రాన్ని కడిగాడు. ఐదు రెట్లే. మళ్లీ కోశాడు. ఐదు రెట్లే. పాత ల్యాబులో రక్తకణాలు రెండేసి అతుక్కుంటే లెక్క రెట్టింపయ్యేది, సగం చేసేవారు. ఇక్కడ ఐదేసి అతుక్కున్నాయని తేల్చాడు. ఐదుతో భాగించి, పొందికగా రాసి, ల్యాబు పెద్ద మేడం బల్లమీద పెట్టి ఇంటికెళ్లాడు.

ఆయన భార్య పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేస్తుంది. ఉల్లి మనిషిని మించకుండా మనిషి పరువు ఎలా కాపాడాడో సాయంత్రం ఆవిడకు చెప్పాడు.

"వానకు తడిసి కవర్లు అతుక్కుంటాయి. అయినా కొన్ని విడిగా ఉంటాయి కదా. మీకు ఒక్క కణమూ విడిగా కనబడలేదా?"

కనబడలేదు. అంటే అసలు ఏవీ అతుక్కోలేదన్నమాట.

"ఉల్లిపాయకి అంత డీఎన్ఏ దేనికే?"

"పాడైపోయిన రేడియో గ్యారంటీ కార్డుకి మీ బీరువాలో పదకొండు జిరాక్సులు దేనికి? వాటితో మీ తెలివేమైనా పెరిగిందా?"

చెబితే ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే తప్పు ఆయన పేరుతో ఉండిపోతుంది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి మేడం గది ముందు నిలబడ్డాడు. ఆవిడ రాగానే, ఉల్లి లెక్కను తానే ఐదుతో భాగించానని చెప్పాడు. ఆవిడ పర్మనెంటు కాగితాన్ని పక్కన పెట్టి మళ్లీ కొలవమంది. కొలిచాడు. వచ్చింది వచ్చినట్టు రాశాడు. నిన్నటి లెక్క తప్పని కింద రాసి సంతకం పెట్టాడు.

ఆవిడ చదివింది. ఉల్లి డీఎన్ఏలో చాలావరకు అవే ముక్కలు మళ్లీ మళ్లీ వస్తాయని, ఎక్కువున్నంత మాత్రాన జీవి గొప్పది కాదని చెప్పింది.

"మా ఆవిడా అదే అందండీ."

మేడం పక్కన పెట్టిన కాగితం లాగి సంతకం చేసింది.

"ఇక వెల్లుల్లి చూడండి బాబాయ్. అదీ తక్కువేం తినలేదు."

ఆయన ఈసారి అంకె రాకముందే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.